పాడుబెట్టిన ఇంటి మీద కాంక్రీటు

నా భార్య పోయిన రోజు పరామర్శకు వచ్చినవాళ్ళు ముందు ఆమె మొహం చూశారు, తర్వాత తలెత్తి మిద్దె చూశారు. ఏడుస్తూనే చూశారు. పొగకు నల్లబడిన దూలాలు, వాటి సందుల్లోంచి వేలాడుతున్న ఎండాకు, ఒక మూల చెద తిన్న కట్టె, అన్నీ వాళ్ళ కళ్ళలో పడ్డాయి. దూరపు బంధువు ఒకాయన, ఆమె ఇంకా ఇంట్లో ఉండగానే, నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంగనన్నా ఈ మిద్దె తీసేయప్పా, ఎన్నాళ్ళుంటావు ఈ మట్టి కింద," అన్నాడు. నేను ఆ చెయ్యి తీసేశాను. అతను దాన్ని దుఃఖం అనుకున్నాడు. నిజానికి అది రోత.

మాది తనకల్లు దాపున ఒక పల్లె. ఇల్లు మట్టి మిద్దె. రాతి గోడల మీద వేప దూలాలు, వాటి మీద అడ్డకట్టెలు, కట్టెల మీద కానుగాకు, ఆకు మీద బంకమట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడంటే పైరు పండని ఉప్పుమట్టి. తడిస్తే ఉబ్బి తన సందులు తానే మూసుకుంటుంది, నీళ్ళు కిందికి వదలదు. వానలు ఎలాగూ అంతంతమాత్రమైన మా సీమకు అది చాలు. ఏటా తొలకరి ముందు పైన ఒక పొర పరుచుకోవాలి. ఆ పని మేమిద్దరం చేసుకునేవాళ్ళం. ఆమె మంచాన పడ్డాక నేనొక్కణ్ణే చేశాను.

మా వీధిలో మిగిలిన ఇళ్ళన్నీ స్లాబులయ్యాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇళ్ళలో గోడకు వీపు ఆనించలేరు. అందుకే మా నడవలోకి వచ్చి కూచునేవాళ్ళు, మజ్జిగ తాగేవాళ్ళు, కాసేపు కునుకు తీసేవాళ్ళు. లేచి వెళ్ళేటప్పుడు, మీరు కూడా స్లాబు వేసుకోండని సలహా ఇచ్చేవాళ్ళు.

నడిమింట్లో గవాచి ఉండేది. వెలుతురు కోసం మిద్దెలో వదిలే చదరపు కంత అది. వాన వస్తే పైన బండ మూత పెడతాం. ఆమె మంచం ఆ గదిలోనే. నేలమీద పడే ఎండను బట్టి ఆమె పొద్దు చెప్పేది. "గవాచి ఎండ రోలు కాడికొచ్చె, మాత్ర ఇయ్యి," అనేది. గోడ గడియారం ఎదురుగా ఉన్నా దాన్ని చూసేది కాదు.

ఆమె పోయిన ఘడియ మంచిది కాదని తేల్చారు. పురోహితుడు ఫోనులో పంచాంగం చూసి, ఆ నక్షత్రంలో పోతే ఇల్లు మూడు నెలలు పాడుబెట్టాలన్నాడు. అంటే ఇల్లు ఖాళీ చేసి, తలుపు మూసి, గడపకు అడ్డంగా ముళ్ళకంప వేసి వెళ్ళిపోవాలి. గడువు తీరేదాకా అక్కడ పొయ్యి వెలగకూడదు, ఎవరూ నిద్ర చేయకూడదు. ఎవరైనా గడప దాటితే ఆ దోషం వెంటబడి వాళ్ళ ఇంటికి వస్తుందని నమ్మకం. నాకు నమ్మకం లేదు. కానీ ఆ రోజుల్లో వాదన పెట్టుకునే ఓపిక కూడా లేదు. దినాలు అయిన మరునాడు నా భార్య తమ్ముడు తన కారులో నన్ను కదిరిలో తన ఇంటికి తీసుకుపోయాడు. నేను ఒకటే అనుకున్నాను. గడువు తీరగానే ఆ ఇంటికి వెళ్ళి, నాకు మిగిలిన బతుకు అక్కడే బతకాలి. అంతకు మించి నాకు అప్పుడు వేరే కోరిక లేదు. ఇప్పుడూ లేదు.

బామ్మర్దికి సిమెంటు, ఇనుము అంగడి ఉంది. మంచివాడని అందరూ అంటారు. ఒకరోజు అన్నం ముందు కూచున్నప్పుడు చెప్పాడు.

"బావా, ఇల్లు ఎట్లా ఖాళీగానే ఉండాది గదా. సామాన్లు సర్దే పని లేదు, నీకు ఇబ్బంది లేదు. ఈ మూణ్ణెల్ల సందులోనే పైన కాంక్రీటు ఏపిస్తాండా."

"వద్దు," అన్నాను.

"మిద్దె పీకేది లేదు బావా. ఆ చౌడు మీదనే కమ్మీ పరిచి, కంకర మాలు పోపిచ్చేస్తే సరి. నువ్వొచ్చేతలికి కొత్తిల్లు."

"నాకు పాతిల్లే కావాల."

"సరేలే, అన్నం తిను."

అతని భార్య నా కంచంలో ఇంకో ముద్ద వేసింది. దుఃఖంలో ఉన్నవాడికి అన్నం పెడతారు, మంచం వేస్తారు, పక్కగదిలో టీవీ గొంతు తగ్గిస్తారు. అతని మాట మాత్రం జ్వరంలో వచ్చిన మాట కింద జమకడతారు. ఆ వారమంతా నేను ఎన్నిసార్లు వద్దన్నా, ఆ ఇంట్లో అందరూ నాకేసి ఒకే రకంగా చూసి, తలూపి, కాఫీ తాగుతావా అని అడిగారు.

చివరకు బామ్మర్ది పురోహితుడికే ఫోను చేశాడు. నాకూ వినపడాలని ఫోను బల్లమీద పెట్టి మాట్లాడాడు.

"సామీ, పాడుబెట్టిన ఇంటికి పని చేపిస్తే దోషమేమన్నా ఉంటాదా?"

"ఏం పని?"

"మిద్దె పైన సామీ. కాంక్రీటు."

"లోపలికి పోతారా?"

"ఎవురూ పోరు. నిచ్చెనేసుకోని వీధిలోనుంచే ఎక్కుతారు."

"లోపలికి పోకుంటే ఏమీ లేదు. పొద్దున్నే మొదలుపెట్టి, పొద్దు గూకేలోగా దిగిపొమ్మను."

"సూస్తివా బావా," అన్నాడు నాకేసి తిరిగి.

ఇంటి లోపల అడుగుపెట్టకుండా ఇంటిని బాగుచేసే పని అలా మొదలైంది.

పోత వేసే రోజు నేనూ వెళ్ళాను. రావద్దన్నారు, వినలేదు. మా వీధిలో మిల్లరు తిరుగుతోంది. కంకర, ఇసుక, సిమెంటు అందులో పడి మాలుగా మారి బయటికి వస్తుంటే, కూలీలు బొచ్చెల్లోకి ఎత్తి నిచ్చెన మీద వరసగా పైకి అందిస్తున్నారు. తలుపు ముందు కంప వేసింది వేసినట్టే ఉంది. పైన మేస్త్రీ తువ్వాలు తలకు చుట్టుకుని, గుట్కా నములుతూ, మా చౌడు మీద చెప్పులతో నడుస్తున్నాడు. ఆ చౌడు మీదికి నేను ఎప్పుడూ చెప్పులతో ఎక్కలేదు. భక్తి కాదు, చెప్పు మడమ దిగితే గుంత పడుతుంది, వానకు అక్కడే కారుతుంది.

అంత తడి బరువు పైన పోస్తున్నప్పుడు కింద దూలాలకు ఊత కట్టెలు నిలబెట్టాలని ఎవరికైనా తెలుసు. కొట్టం కప్పేవాడికి కూడా తెలుసు. నేను కిందినుంచి అరిచి అడిగాను.

"మేస్త్రీ, దూలాలకు ఊతలు పెట్టినారా?"

"యాడన్నా ఊతలు? పాడుబెట్టిన ఇల్లు. లోపలికి ఎవురు పోతారు? మావోళ్ళకు పెండ్లాం బిడ్డలు లేరా?"

"మరి దూలం తట్టుకుంటుందా?"

"తాతల నాటి వేప దూలమన్నా అది. ఏనుగెక్కినా ఏం గాదు. నువ్వు పోయి నీడలో కూకో పో."

నిచ్చెన మీద ఉన్న కూలీ ఒకడు, నేను ఎవరో తెలియక, కింద బొచ్చె ఎత్తుతున్న ఆమెతో అన్నాడు. "ఊత దేనికి, ఆ యమ్మ లోపలే ఉండాదంట గదా. ఆ యమ్మే పట్టుకుంటాది పడకుండా."

అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. బొచ్చె ఎత్తే ఆమె నన్ను చూసి నవ్వు ఆపి, "రేయ్, ఆయప్పదే రా ఇల్లు," అంది మెల్లగా. వాడు నాలుక కరుచుకున్నాడు. మాలు మాత్రం ఆగకుండా పైకి పోతూనే ఉంది.

నేను కంప పక్కకు లాగబోయాను. బామ్మర్ది పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీకు దండం పెడతా బావా. అక్క పోయినదే సాలు," అన్నాడు. చుట్టూ జనం మూగారు. అందరి ముందూ అతనితో పెనుగులాడడం నా చేత కాలేదు. పైన ఎవరో గవాచి కంత మీద బండ పెట్టి, దానిమీదా మాలు పోసి చదును చేస్తున్న చప్పుడు వినపడింది. అడిగితే, "వాన లోపలికి రాకుండా," అన్నారు. సాయంత్రానికి కొంత మాలు మిగిలింది. పారేయడమెందుకని, పెరట్లో ఆమె మల్లెచెట్టు చుట్టూ పోసి, పక్కనే ఉన్న రెండు బండల మధ్య గుంత కూడా నింపారు. పెరటికి గోడ దూకి పోవచ్చు కాబట్టి అందులో దోషం లేదట. మల్లెచెట్టు మొదలు చుట్టూ చెయ్యి పెట్టేంత మట్టి కూడా మిగల్చలేదు.

కాంక్రీటు పోశాక దాన్ని తడుపుతూ ఉండాలి. మాలులోని నీళ్ళను ఎండ లాగేస్తే అది గట్టిపడదు, పిండి అవుతుంది. మా ఎండల్లో రెండు పూటలా చాలదు. గోనెసంచులు పరిచి తడి ఆరకుండా చూడాలి. అక్కడ చిక్కు వచ్చింది. పగలు పోత పోయడానికి పదిమంది వచ్చారు. పొద్దునా సాయంత్రం ఒంటరిగా వెళ్ళి నీళ్ళు పట్టడానికి ఒక్కరూ రాలేదు. పక్కింటి పెద్దామెకు బామ్మర్ది ఫోను చేశాడు. ఆమె మా నడవలో ఎన్నో మధ్యాహ్నాలు నిద్రపోయిన మనిషి.

"సీకటి పడితే ఆ ఇంటి పక్కకు కూడా సూడమప్పా మేము," అంది. "ఇంట్లో సంటిబిడ్డ ఉండాది. ఏమనుకోవద్దు."

చివరకు నీళ్ళ ట్యాంకరతను ఒప్పుకున్నాడు. అతనికి నక్షత్రాల పట్టింపు లేదని బామ్మర్ది నాకు ధైర్యం చెప్పాడు. రోజూ ఫోటోలు వచ్చేవి. తడిసి నల్లగా మెరుస్తున్న కాంక్రీటు అంచు, దానిమీదనుంచి కారుతున్న నీళ్ళు. ప్రతి ఫోటోలోనూ అదే అంచు. నేను అడిగితే బామ్మర్ది ట్యాంకరతనికి ఫోను చేశాడు.

"భాయ్, మొత్తం తడుపుతాండావా?"

"తడుపుతాండాలే అన్నా. పైపు ఎంత దూరం పోతే అంత."

"పైకెక్కి?"

"పైకెందుకన్నా? నిచ్చెన తీసకపోయినారు మీవోళ్ళు. వీధిలోనుంచి కొడతాండా. ఫోటోలో సూసినావు గదా."

నేను ఆ రాత్రి అన్నం తినలేదు. మరునాడు పొద్దున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. గడువుకు ఇంకా చాలా ఉంది. ఇంట్లో ఏం జరుగుతోందో చూడకుండా ఇంకో రోజు ఉంటే, తిరిగి వెళ్ళడానికి ఇల్లే ఉండదని నాకు అనిపించింది.

కంప ఎండిపోయి తేలిగ్గా ఉంది. పక్కకు జరిపి తలుపు తీశాను. ఎదురింటి అరుగు మీద కూచున్నవాళ్ళు లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. నేను ఇల్లు తెరిచినట్టు కాక, రోగం ఏదో వీధిలోకి వదిలినట్టు.

నడిమింట్లో పట్టపగలు చీకటి. గవాచి లేదు. కళ్ళు అలవాటు పడ్డాక చూశాను. మధ్య దూలం కిందికి వంగి ఉంది. దాని అడుగున నిలువునా పగులు, వేలు దూరేంత. కట్టెల సందుల్లోంచి మట్టి కుప్పలుగా రాలింది. గవాచి అంచుల నుంచి సిమెంటు నీళ్ళు గోడమీద బూడిదరంగు చారలుగా దిగాయి. ఆమె మంచం నవారు మీద సిమెంటు చుక్కలు పడి గట్టిపడ్డాయి. గోటితో గీకాను. రాలేదు.

పక్కింటి గోడమీదనుంచి మిద్దె ఎక్కి చూశాను. చెప్పు కొనతో రాస్తే కాంక్రీటు పిండిలాగా లేచింది. అడ్డదిడ్డంగా పగుళ్ళు. గుట్కా ఉమ్మిన మరకలు. కాగితపు టీ కప్పు ఒకటి కాంక్రీటులోనే బిగుసుకుపోయి ఉంది. ఒక మూల ఎవరిదో పేరు పుల్లతో రాసి ఉంది, పక్కన గుండె బొమ్మ. ఇన్నేళ్ళూ చేతులతో సర్దుకున్న చౌడు దానికింద ఉంది, ఊపిరాడకుండా.

బామ్మర్దికి ఫోను చేసి రమ్మన్నాను. గంటలో వచ్చాడు. గుమ్మం ముందే కారు ఆపాడు, దిగాడు, కంప దగ్గర ఆగిపోయాడు.

"లోపలికి రా."

"ఆడినుంచే చెప్పు బావా. ఏమైంది?"

"చెప్పేది కాదు, చూసేది."

"ఫోటో తీసి పంపియ్యి."

"మీ ఫోటోలు చాలానే చూసినా. వచ్చి కండ్లతో చూడు. దూలం పగిలింది. ఇప్పుడు ఊతలు పెట్టి పైన కాంక్రీటు తీపించకపోతే రేపు వానకు ఇల్లు కూలిపోతుంది."

"తీసేది కుదరదు బావా. కొట్టే దెబ్బకు అంతా పడిపోతాది. పడిపోతే పోనీ. పూర్తిగా పీకేసి, పిల్లర్లు లేపి ఏపిస్తాలే. అంగడి మనదే గదా."

"నాకు ఈ ఇల్లు కావాల."

అప్పుడు అతనికి కోపం వచ్చింది. నేను అతని కోపం అంతకుముందు చూడలేదు.

"ఈ ఇల్లు, ఈ ఇల్లు! ఏముండాది ఈ ఇంట్లో? మట్టి. ఆ మట్టి అక్క మొగం మీద రాల్తాండె. నేనొచ్చినపుడంతా తుడిసేవాణ్ణి. కంట్లో పడితే తుడుసుకునేదానికి సెయ్యి లేసేది గాదు ఆ యమ్మకు. నువ్వు పక్కన కూకోని పుస్తకం సదువుకుంటాంటివి!"

"మంచం పైన చీర కట్టింటిని," అన్నాను. "మట్టి పడకుండా. దాన్ని విప్పమన్నది మీ అక్కే. గవాచి కనపడలేదని."

అతను కంపకు అవతల నిలబడి ఏడ్చాడు. రోడ్డుమీద పోయేవాళ్ళు చూస్తున్నారని కూడా పట్టించుకోలేదు. నాకు జాలి కలగాల్సింది. కలగలేదు. అక్క మొహం మీద రాలిన మట్టికి విరుగుడుగా ఆమె ఇంటి నెత్తిన ఇంత బరువు పెట్టి, కింద ఒక కట్టె కూడా నిలబెట్టకుండా వెళ్ళిపోయిన ప్రేమ అది. ఏడుపు నిజమే కావచ్చు. దూలం పగిలిందీ నిజమే.

"ఊతలు తెప్పిస్తావా, నేనే ఎవరినైనా అడుక్కోనా?" అన్నాను.

కళ్ళు తుడుచుకున్నాడు. ఫోను తీసి అంగడికి చేసి, సర్వి కట్టెలు బండిలో వేసి పంపమన్నాడు. బండి వచ్చింది. తోలుకొచ్చినవాడు కట్టెలు వీధిలో దించి, లోపలికి మాత్రం రానన్నాడు. బామ్మర్ది వాడికేసి చూశాడు, కంపకేసి చూశాడు. చెప్పులు విడిచి, ఒక కట్టె భుజాన వేసుకుని గడప దాటి లోపలికి వచ్చాడు. నడిమింట్లోకి రాగానే మంచం చూసి ఆగిపోయాడు. "ముందు దూలం," అన్నాను. ఇద్దరం కలిసి కట్టెలు నిలబెట్టి, అడుగున చెక్కలు దోపి బిగించాము. సాయంత్రం దాకా ఆ పనే.

అంగడాయనే లోపలికి పోయాడని తెలిసినాక కూలీలకు ధైర్యం వచ్చింది. ఇద్దరు వచ్చి, సమ్మెటతో కాకుండా ఉలితో కొంచెం కొంచెంగా కాంక్రీటు తీశారు. మేస్త్రీ మాత్రం రాలేదు. తన పనిలో తప్పు లేదని, ఇంటికి పట్టిన దోషమే పగలగొట్టిందని ఊరంతా చెప్పాడట. నమ్మినవాళ్ళే ఎక్కువ.

నడవ, వంటిల్లు నిలిచాయి. నడిమిల్లు నిలవలేదు. పగిలిన దూలాన్ని మెల్లగా దించుకోవాల్సి వచ్చింది, దానితోపాటు ఆ గది మిద్దె అంతా. గడువు తీరేదాకా నేను ఆగలేదు. అదే వారం నా పెట్టె తెచ్చుకుని నడవలో ఉండడం మొదలుపెట్టాను. బామ్మర్ది వద్దనలేదు. ఒక వేప దూలం దొరికితే చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు. ఇప్పుడు అలాంటి దూలాలు దొరకవని అతనికి నాకంటే బాగా తెలుసు.

తీసిన కాంక్రీటు ముక్కలు వీధిలో గోడ పక్కన పోగుపడ్డాయి. రెండో రోజుకే పోగు తగ్గడం గమనించాను. మా గడప తొక్కనివాళ్ళు, మా తలుపు తీస్తే తమ తలుపులు వేసుకున్నవాళ్ళు, తట్టలు తెచ్చుకుని ఆ ముక్కలు మోసుకుపోతున్నారు. వాకిళ్ళ ముందు గుంతలు పూడ్చుకోవడానికట. పక్కింటి పెద్దామె అందరికంటే పద్ధతి గల మనిషి. అడగకుండా తీసుకోలేదు. గుమ్మానికి బాగా ఎడంగా, వీధి మధ్యలో నిలబడి కేకేసింది.

"ఏమప్పా, లోపల ఉండావా? ఈ పెద్ద ముక్కలు తీసకపోదునా? మా కాలవ పక్కన వేసుకుంటాం. వానొస్తే నీళ్ళు నిలుస్తాండాయి."

"దోషం కాదా అవ్వా?" అని అడిగాను.

"రాయికేం దోషమప్పా," అంది. అడిగినందుకు కొంచెం నొచ్చుకున్నట్టు కూడా కనిపించింది.

తీసుకుపొమ్మన్నాను. పోగు మొత్తం వాళ్ళే ఎత్తుకుపోయారు, నాకు బండి పిలిచే పని కూడా లేకుండా. మధ్యాహ్నాలు నడవలోకి ఎవరూ రావడం లేదు. నడవ ఇంకా చల్లగానే ఉంది.